తెల్వకుంటే బతికున్నట్టే

మా మనవరాలి బడిలో రోజూ కొన్ని ఇంగ్లీషు మాటలు ఇస్తారు. మాట, దాని అర్థం, దాన్ని ఎక్కడ ఎట్లా వాడాలో ఒక వాక్యం. సాయంత్రం ఆ పిల్ల వంటింటి గడప మీద కూర్చుని, నేను చిక్కుడుకాయలు తుంచుతుంటే నన్ను బడిపిల్లను చేసి అడుగుతుంది. తెలిసినవి చెబుతాను. తెలియనివాటికి దబాయిస్తాను. ఈ వనపర్తిలో కూతురింటికి వచ్చి ఉంటున్నప్పటి నుంచి నాకు దొరికిన కాలక్షేపం ఇదొక్కటే.

మొన్న అడిగిన మాట సీరియస్.

"ఇది నాకు తెలుసులేవే" అన్నాను.

"చెప్పు మరి."

"సచ్చిపోయిండని."

పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. "అమ్మమ్మా, సీరియస్ అంటే నవ్వకుండ ఉండుడు. లేకపోతే చదువు మీద మనసు పెట్టుడు. మా టీచర్ చెప్పింది" అని తను రాసుకున్న వాక్యం చదివింది. అందులో ఎవరో పిల్లవాడు పరీక్షల గురించి చాలా సీరియస్‌గా ఉన్నాడు. వాడు చల్లగా ఉండాలి. నాకు మాత్రం నవ్వు రాలేదు. చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

ఆ మాటకు నాకు అసలు అర్థం తెలిసిన దవాఖాన ఈ ఊళ్లోనే ఉంది. ఇప్పుడు కొత్త కట్టడాలు లేచాయి, ముందర మందుల దుకాణాలు వరుసగా వెలిశాయి. నేను ఆటో ఎక్కితే మాత్రం ఆ దారిన పోవద్దంటాను. చుట్టు తిరుగుడైనా సరే, ఇంకో పది ఎక్కువ తీసుకున్నా సరే. ముసలిదానికి చాదస్తం అని ఆటోవాళ్లు అనుకుంటారు, అనుకోనీ.

మాది గద్వాల అవతల, గట్టు మండలం దిక్కు ఊరు. ఎర్రమట్టి, గుండ్లు, వాన పడితే పంట, పడకుంటే మంట. ఇంకాస్త పడమటికి పోతే కన్నడం మొదలవుతుంది. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, సగం తిట్లు ఆ భాషలోనే తిట్టేది. గద్వాల నుంచి ఊరికి ఎర్ర బస్సు పొద్దున ఒకసారి, పొద్దు వాలేముందు ఒకసారి వచ్చిపోయేది. అప్పట్లో మాకు బస్సంటే ప్రయాణం ఒక్కటే కాదు, కబురు కూడా. కండక్టరు దిగగానే టీ కొట్టు ముందర పదిమంది చేరేవాళ్లు. ఎవరి కూతురు నీళ్లాడి ఏ బిడ్డను కన్నది, పెబ్బేరు సంతలో ఎద్దుల ధర ఎట్లా ఉంది, గద్వాలలో వాన పడిందా, అన్నీ ఆయన నోటి నుంచే వినేవాళ్లు. డీజిలు వాసన, దుమ్ము వాసన, ఎవరో పైన వేసిన మేకపిల్ల అరుపు, ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ బస్సు మా ఊరి మూల మీద మలుపు తిరుగుతుంది.

ఒక్క కబురు మాత్రం ఎవరూ నోటితో చెప్పేవాళ్లు కాదు. చావు మాట మోసుకొచ్చిన నోటికి మంచి జరగదని మావాళ్ల నమ్మకం. విన్నవాళ్లు దారిలోనే గుండె పగిలి కూలిపోతారని ఒక భయం. అందుకే దవాఖానలో మనిషి పోయినా "సీరియస్‌గ ఉన్నడంట" అని పంపేవాళ్లు. ఆ మాటను మా ఊరికి ఎవరు తెచ్చారో తెలియదు. ఇంగ్లీషులో ఇంకో ముక్క రాని ముసలమ్మలకు కూడా దాని అర్థం మాత్రం వచ్చు. జబ్బు చేస్తే పానం బాగలేదనేవాళ్లు. ముదిరితే మంచం పట్టిండనేవాళ్లు. సీరియస్ అన్నారంటే ఇక అయిపోయినట్టే. చెప్పినవాళ్లకూ తెలుసు, విన్నవాళ్లకూ తెలుసు. తెలిసీ తెలియనట్టు బస్సెక్కేవాళ్లు.

ఆ మాట వినబడితే చాలు, మా అవ్వ పొయ్యి దగ్గర కూర్చునేది. పీట ముందర పెట్టుకుని జొన్నపిండి కలిపి టపటపా రొట్టెలు కొట్టేది. పుంటికూర పప్పు ఉంటే సరి, లేకుంటే బుడ్డల కారం, ఉల్లిగడ్డ. బుడ్డలంటే మా దిక్కు వేరుశనగలు, పుంటికూరంటే గోంగూర. అన్నీ గుడ్డలో మూటగట్టుకుని ఆ ఇంటికి పోయేది. నేను వెనకాల నీళ్ల చెంబుతో. ఎందుకంటే చావు రుజువైతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. దహనమో ఖననమో అయ్యేదాకా పిల్లాజెల్లా అందరూ పస్తే. అందుకని మాట ఇంకా సీరియస్‌గా ఉన్నప్పుడే వాళ్ల కడుపులో ఇంత పడాలని అవ్వ పట్టు.

"తిను బిడ్డా. దవాఖానల ఎవరు పెడ్తరు? తిని పో" అని ముక్క తుంచి నోటికి పెట్టేది. వాళ్లు కళ్లనీళ్లు కార్చుకుంటూ నమిలేవాళ్లు. ఆమె మాత్రం ఒక్క చుక్క రాల్చేది కాదు. వాళ్లు బస్సెక్కి పోయాక, టీ కొట్టు వెనక నిలబడి ఏడ్చేది.

ఎందుకవ్వా నీకింత పట్టింపు అని ఒకసారి అడిగాను. తన తల్లి పోయిన రోజు అవ్వకు ఆరో ఏడో ఏళ్లు. పొయ్యి వెలగని ఇంట్లో ఒక మూల కూర్చుని ఒకటే ఏడ్చిందట. చూసినవాళ్లంతా పాపం తల్లికోసం ఎట్లా ఏడుస్తుందో పిల్ల అని తల నిమిరారట. "నేను బువ్వకు ఏడ్చిన బిడ్డా" అంది అవ్వ. "అమ్మ పోయిందని ఏడ్వలే. ఆకలైతుందని ఏడ్చిన. గది ఇప్పటికీ నా కడుపుల ఉన్నది."

పెద్దవాళ్ల దుఃఖం పిల్లలకు ఆట. మేం ఆడపిల్లలం గడ్డివాము వెనక సీరియస్ ఆట ఆడేవాళ్లం. ఒకతి కండక్టరు, నోటితో ఈల వేసి బస్సాపి "మీ ఆయన సీరియస్‌గున్నడు" అనాలి. ఒకతి గుండెలు బాదుకోవాలి. మిగిలినవాళ్లం మట్టి రొట్టెలు పట్టుకుని తిను తిను అని బతిమాలాలి. ఆ బాదుకునే వేషం కోసం మేం జుట్లు పట్టుకునేవాళ్లం. ఒకనాడు అవ్వ చూసింది. చీపురు తిరగేసి వాము చుట్టూ తరిమింది. కన్నడంలో ఏమేం తిట్టిందో నాకు ఈనాటికీ అర్థం తెలియదు, తెలియకపోవడమే మంచిదేమో.

అంతటితో నాకు బుద్ధి వచ్చిందనుకుంటే పొరపాటు. మా పెట్ట ఒకటి తెగులు తగిలి తూగుతుంటే పక్కింటికి ఉరికి "పెద్దమ్మా, మా కోడి సీరియస్" అన్నాను. "అయితే నాక్కూడ ఒక గిన్నె కూర పంపమను మీ అమ్మను" అంది ఆమె. ఊరంతా నవ్వుకున్నారు. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు మా చిన్నాయన. చాలా రోజులు నన్ను చూస్తే "ఏందే, మీ కోడికెట్లుంది?" అనేవాడు.

మా నాయన తమ్ముడాయన. నాయన మాటకు పిసినారి, చిన్నాయనకు మాటే సొత్తు. పశువుల మీద ప్రాణం. పెబ్బేరు సంత అంటే ఆయనకు జాతర. పని ఉన్నా లేకున్నా పోయేవాడు, ఎవరి ఎద్దునో కొనిపెట్టేవాడు, ఎవరి కోడెనో బేరం చేసిపెట్టేవాడు. వచ్చేటప్పుడు భుజాన కొత్త పగ్గాలు, ముకుతాళ్లు, చేతిలో నూనె కారే కాగితం పొట్లం. అందులో జిలేబి సగం, కారపు బూంది సగం కలిసిపోయి ఉండేవి. బీడీ వాసన, పేడ వాసన, తీపి కారం కలిసిన ఆ బూంది వాసన, మూడూ కలిస్తే మా చిన్నాయన. అవ్వకు ఆయన కడగొట్టు కొడుకు. తిట్టేది ఆయన్నే, ఎదురుచూసేది ఆయనకే. ఎంత ఆలస్యమైనా ఒక రొట్టె పెనం మీద మూతపెట్టి ఉంచేది.

"నా కోసం ఎందుకే అమ్మా మేల్కొనుడు?" అనేవాడు.

"నీ కోసం ఎవరు మేల్కొన్నరు? రొట్టె కుక్క తింటదని కూర్చున్న" అనేది.

ఆ ఏడు బుడ్డలు బాగా పండాయి. పీకే రోజులు. ఊరంతా పచ్చి కాయల వాసన, తడి ఎర్రమట్టి వాసన. కూలీల గోళ్లు కూడా ఎర్రగా ఉండేవి. నాయన బండి నింపుకుని రాయచూరుకు అమ్మడానికి పోయాడు. చిన్నాయన ముందురోజు పెబ్బేరు సంతకు పోయాడు. ఒక ఎద్దు ముసలిదైంది, జోడు తేవాలని. చిన్నమ్మ, ఆయన భార్య, కూలీలతోపాటు చేనులో ఉంది. వాళ్ల పిల్లవాడు ఇంకా సరిగ్గా నడక రానివాడు, నా చంకలో ఉన్నాడు.

పొద్దున బస్సు వచ్చింది. కండక్టరు నేరుగా మా ఇంటికే వచ్చాడు. కొత్తాయన. నాగర్‌కర్నూలు దిక్కు నుంచి మా దారికి వచ్చి ఇంకా నెల కూడా కాలేదు. వాకిట్లో నిలబడి చెప్పాడు.

"అవ్వా, మీ చిన్నోడు కొన్న ఎద్దును లారీ ఎక్కిస్తుంటె అది బెదిరి కుమ్మిందంట. వనపర్తి దవాఖానల ఏసిన్రంట. సీరియస్‌గ ఉన్నడంట. పెబ్బేరు బేరగాడొకాయన బస్టాండుల చెప్పి పంపిండు."

అవ్వ పెనం ముందర ఉంది. చేతిలో రొట్టె సగం అయింది. ఆ చెయ్యి ఆగింది. నేను ఆమె ముఖం చూశాను. ఏడవలేదు, అరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి, ఆయన పేరు అనుకుందేమో. తర్వాత ఆ చెయ్యి మళ్లీ రొట్టె కొట్టడం మొదలుపెట్టింది.

"ఇంక జర పిండి కలుపు" అంది మా అమ్మతో.

మా అమ్మ మూలకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు. మాట అదే కదా.

ఎవరో చేనుకు ఉరికి చిన్నమ్మను పిలుచుకొచ్చారు. చేతులకు మట్టి, చీర కుచ్చిళ్లు పైకి దోపి ఉన్నాయి. వాకిట్లోకి వచ్చి కండక్టరును చూసింది, అవ్వను చూసింది.

"అత్తా, బస్సున్నది. నేను పోత."

"ఇంత తిని పో."

"బస్సు పోతదత్తా."

అవ్వ లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. మట్టిచేతిని పిండిచెయ్యి. "పొద్దుగాల నుంచి నీ కడుపుల ఏం పడలే. సంకల పిలగాడు పాలు తాగెటోడు. నువ్వు తినకుంటె వానికేం ఇస్తవు? కూసో. మీ బావ మాపటికి రాయచూరు నుంచి వస్తడు. మొగోళ్లు లేకుండ మనం పోయి ఏం జేస్తం?"

మొగవాళ్లు ఎందుకో, ఏం మోసుకురావడానికో చిన్నమ్మకు అర్థమైంది. అక్కడే కూలబడింది.

కండక్టరు ఇంకా నిలబడే ఉన్నాడు. "వస్తరా అవ్వా? బస్సు తీస్తున్నం" అన్నాడు.

"మీరు పొండ్రి సారూ. మాపటి బస్సుకు వస్తం."

ఆయన ఏదో అనబోయాడు. చెమట తుడుచుకున్నాడు. "జల్ది వస్తె మంచిదవ్వా" అన్నాడు చివరికి. అవ్వ దండం పెట్టింది, మంచి మాట చెప్పి పోతున్నవాడికి పెట్టినట్టు. బస్సు హారన్ కొట్టి మూల మలుపు తిరిగింది. దాని దుమ్ము మా వాకిట్లోకి వచ్చింది. ఆ దుమ్ము నాకు ఇంకా అణగలేదు.

ఊరి ఆడవాళ్లంతా వచ్చారు. అన్నాళ్లూ అవ్వ ఎవరెవరికి రొట్టెలు పట్టుకుపోయిందో వాళ్లంతా మూటలతో వచ్చారు. అవ్వ ఎవరినీ ముట్టనివ్వలేదు. చిన్నమ్మను ఒడిలోకి లాక్కుని ముక్క ముక్క తుంచి తనే తినిపించింది. ఉడుకు రొట్టె, పుంటికూర పప్పు. నేనూ తిన్నాను. రుచిగా ఉంది. ఎందుకు అబద్ధం చెప్పాలి, అంత రుచైన రొట్టె నేను మళ్లీ తినలేదు. తన కడగొట్టు కొడుకు చచ్చిపోయాడని నమ్ముతూ, ఆ కొడుకు భార్యకు రొట్టె తినిపించిన చెయ్యి అది. దానికంత బలం ఎక్కడిదో నాకు తెలియదు. చిన్నమ్మ తల దువ్వింది. నుదుట బొట్టు తడిపి దిద్దింది.

నాయన వచ్చాడు. మాపటి బస్సుకు బయలుదేరాం. చంకలో పిల్లవాడికోసం నన్నూ తీసుకుపోయారు. గద్వాలలో బస్సు మారాం. కృష్ణ వంతెన మీద అందరూ నదిలోకి చిల్లర విసిరి దండాలు పెట్టుకున్నారు. అవ్వ విసరలేదు. నీళ్ల దిక్కు చూస్తూ "ఇంకేం అడగాలె తల్లీ నిన్ను" అంది. అప్పుడు ఏడ్చింది. అప్పటికి ఎండ ఇంకా నీళ్ల మీద ఎర్రగా ఉంది. అప్పటికి చిన్నాయన బతికే ఉన్నాడు.

వనపర్తి దవాఖాన మెట్లు ఎక్కేసరికి దీపాలు పెట్టారు. ఫినాయిల్ వాసన. వరండాలో బండ తుడుస్తున్న ఆయమ్మ మమ్మల్ని చూసి చీపురు వదిలేసింది.

"గట్టోళ్లా మీరు? ఎద్దు కుమ్మినాయన మనుషులా? ఇంత ఆల్శం జేసిన్రేందమ్మా! ఇప్పుడే... గీ లైట్లు ఏసే ముందర పోయిండు. పొద్దటి సంది ఒకటే తలుపు దిక్కు సూపు."

అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నాయన గోడకు ఆనుకున్నాడు.

"మాట్లాడిండా?" అని అవ్వ అడిగింది. ఆ గొంతు నాకు తెలిసిన గొంతు కాదు.

"ఎందుకు మాట్లాడలే? మధ్యాహ్నం దాంక మంచిగ మాట్లాడిండు. మీవోళ్లు ఇంక రాలేదేంది అని నేనే అడిగిన. మా అమ్మ అందరికి బువ్వ పెట్టి గాని బయల్దేరదు, అందుకే ఆల్శమైతుంది, వస్తది అన్నడు. నవ్విండు గూడ."

అవ్వ లోపలికి పోయి ఆయన కాళ్లు పట్టుకుంది. రెండు చేతులతో పాదాలు తడిమింది. "కాళ్లింక ఉడుకుగున్నయి" అంది నాయనతో. "ఒరే, కాళ్లింక ఉడుకుగున్నయిరా!" అని మళ్లీ అంది. అదే మాట ఎంతసేపు అందో.

చిన్నమ్మ ఆయన ముఖం చూసి, బయటికి పోయి, గోడ పక్కన వాంతి చేసుకుంది. పొద్దున తిన్నదంతా. నేను పిల్లవాణ్ని ఎత్తుకుని పక్కనే ఉన్నాను. నోరు తుడుచుకుని, వెనకాలే వచ్చి నిలబడ్డ అవ్వతో ఒక్కటే మాట అంది.

"నేను పోత అన్న గదత్తా. నువ్వు తిని పో అన్నవ్."

కండక్టరు ఉన్నమాట చెప్పాడు. పరాయి దిక్కు నుంచి వచ్చినవాడు, ఆ మాటకు మా ఊళ్లో ఉన్న వాడుక ఆయనకు తెలియదు. తెలిసిన మేమంతా కలిసి బతికున్న మనిషిని పొద్దున్నే చంపేసుకుని కూర్చున్నాం. ఇందులో తప్పు ఎవరిదని నేను చాలా ఏళ్లు వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

దినాలు అయ్యాక చిన్నమ్మ మా ఇంట్లోనే ఉంది కానీ అవ్వ చేతి రొట్టె తినలేదు. పోట్లాడలేదు, ఎదురు మాట్లాడలేదు. అదే పొయ్యి మీద, అవ్వ లేచాక తను కూర్చుని తన రొట్టె తను చేసుకునేది. అవ్వ ఒక రొట్టె చేసి పెనం మీద మూతపెట్టి ఉంచేది. పొద్దున అది అట్లాగే ఉండేది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. తర్వాత కొడుకును తీసుకుని పెద్దమందడిలో తన అన్న దగ్గరికి పోయింది. అవ్వ ఆపలేదు. బస్సు దాకా వచ్చి, తిని పోతావా అని అడగబోయి, నోరు మూసుకుంది. అది నేను చూశాను.

ఆ తర్వాత మా ఊళ్లో ఎవరికైనా సీరియస్ అన్న కబురు వస్తే అవ్వ రొట్టెల మూట పట్టుకోలేదు, చేతికర్ర పట్టుకుంది. ఆ ఇంటి వాకిట్లో నిలబడి అరిచేది.

"లేవుండ్రి! తినుడు తర్వాత. బస్సెక్కుండ్రి!"

కండక్టరు దారికి అడ్డం నిలబడి నిలదీసేది. "ఊపిరున్నదా లేదా, అది చెప్పు. చెప్తె నీ నోట్లె పురుగులు పడవు."

"నాకు తెల్వదవ్వా" అనేవాడు పాపం ఆయన.

"తెల్వకుంటె బతికున్నట్టే. నడువుండ్రి!"

కొడుకు పోయాక ముసలిదానికి మతి చెడిందన్నారు. ఒక ఇంటివాళ్లు ఆమె మాట విని పరిగెత్తి, దవాఖానలో తెల్లగుడ్డ కప్పిన శవాన్నే చూశారు. వాళ్ల పిల్లలు మర్నాటిదాకా ఆకలికి ఏడ్చారని, వచ్చి మా వాకిట్లో నిలబడి అవ్వను తిట్టిపోశారు. అవ్వ తలవంచుకుని విన్నది. పిల్లల ఆకలి ఆమెకు ఒకరు చెప్పాలా? కానీ మళ్లీ కబురు వస్తే మళ్లీ కర్ర పట్టుకునే పోయింది. ఒకసారి ఒక కొడుకు సమయానికి చేరాడు. తల్లి నోట్లో నీళ్లు పోశాడు. వాడు తిరిగొచ్చి అవ్వ కాళ్లకు మొక్కితే, కాళ్లు వెనక్కి తీసుకుంది.

ఏళ్లు గడిచాయి. నాకు పెళ్లైంది. ఊళ్లోకి ఫోను వచ్చింది. అవ్వ మంచం పట్టిందంటే చూసుకోవడానికి నేను వచ్చాను. చర్మం, ఎముక, ఆ రెండు కళ్లు మిగిలాయి. ఒక పొద్దున నాయన చెప్పులేసుకుంటూ, చుట్టాలకు ఫోను చేసి సీరియస్‌గా ఉందని చెప్పాలి అన్నాడు. అవ్వ విన్నది. నన్ను సైగ చేసి పిలిచింది.

"పెద్దమందడికి నువ్వు చెయ్యి" అంది.

"చేస్తవ్వా."

"ఆ మాట అనకు బిడ్డా. ఆ మాట వింటె మనోళ్లు తిని వస్తరు." ఊపిరి కూడదీసుకుంది. "అత్త పిలుస్తుందని చెప్పు. అంతే చెప్పు."

అంతే చెప్పాను. చిన్నమ్మకు వినిపించిందా లేదా అని నాకు అనుమానం వచ్చి రెండోసారి చెప్పాను. "ఇన్న" అని పెట్టేసింది.

మధ్యాహ్నం బస్సుకు దిగింది. జుట్టు నెరిసింది. నా చంకలో తిరిగిన పిల్లవాడు మీసాలతో వెనకాల ఉన్నాడు. చిన్నమ్మ గోళ్ల సందున పిండి ఎండి ఉంది. పిండి కలుపుతూ ఉండగా ఫోను వస్తే, చెయ్యి సరిగ్గా కడుక్కోకుండానే లేచి వచ్చిందట. మంచం పక్కన నేల మీద కూర్చుంది. అవ్వ ఆమెను చాలాసేపు చూసింది. మనవణ్ని చూసింది. మళ్లీ ఆమెను చూసింది.

"తిని వచ్చినవా?" అని అడిగింది.

"లేదత్తా. పరిగడుపునే వచ్చిన."

"మంచిగ చేసినవ్" అంది అవ్వ.

జీవితమంతా ఊరి కడుపు నింపి పంపిన మనిషి, తినకుండా వచ్చినందుకు కోడలిని మెచ్చుకుంది. చిన్నమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. పెనం మీద నేను పొద్దున చేసిన రొట్టె మూతపెట్టి ఉంది. తెచ్చి, ఒక ముక్క తుంచి, అవ్వ చేతిలో పెట్టింది. ఆ చేతికి లేచే శక్తి లేదు. చిన్నమ్మ ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, ఎత్తి, తన నోటికి తెచ్చుకుని తిన్నది. ఇంకో ముక్క. ఇంకో ముక్క. అవ్వ కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతుంటే నేను కొంగుతో అద్దుతున్నాను. రొట్టె అయిపోయాక కూడా చిన్నమ్మ ఆ చెయ్యి వదల్లేదు. అది చల్లబడేదాకా పట్టుకునే ఉంది.

ఆ బస్సు లేదు. ఆ కండక్టర్లు లేరు. ఇప్పుడు కబురు చేతిలోని ఫోనులోనే వస్తుంది, మనిషి ముఖం కూడా కనిపిస్తుంది, దాచడానికి మాటలు అక్కర్లేదు. మా మనవరాలి పుస్తకంలో ఆ మాటకు ఏ గాయమూ లేదు. అట్లాగే ఉండనీ. నా అర్థం పిల్లకు చెప్పలేదు.

"అమ్మమ్మా, ఇంకో మాట అడగనా?" అంది పిల్ల.

"ముందు అన్నం తిను" అన్నాను. నోటికి వచ్చేసింది. అవ్వ మాట. చిక్కుడుకాయలు పక్కన పెట్టి లేచాను.